వెల్డింగ్ షాపే బండెక్కితే!

అచ్చంపేట చుట్టుపక్కల పొలంలో ట్రాక్టర్ ట్రాలీ విరిగితే, దాన్ని టౌన్‌కు తేవడమే పెద్ద పని. షాపే పొలానికి వెళ్తే? ఐటీఐ వెల్డర్లకు అదీ ఉపాధే.

కరెంటున్న చోట బైక్‌పై పట్టే చిన్న ఇన్వర్టర్ మెషీన్ చాలు. కరెంటు లేనిచోట డీజిల్ వెల్డింగ్ జనరేటర్ కావాలి. అది వందల కిలోలుంటుంది.

కొనేముందు లెక్క చూస్కోండి. ఆర్సీలోని మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే మోయగల లోడు. డ్రైవర్, కేబుళ్లు, పనిముట్లు అందులోనే.

మెషీన్‌ను వెనక యాక్సిల్‌కు కాస్త ముందు, ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి. వెనక అంచున పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

ఆర్సీ వివరాలు మారేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. బిగించే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

ముందు చిన్న మెషీన్‌తో గిరాకీ తెచ్చుకోండి. అప్పు చేసి పెద్దది కొనడం ఆ తర్వాతి మాట.