లెక్క సరిపోయిందా?

పిల్లలూ! మా సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి నుంచి ఒడిశా వెళ్ళే రోడ్డు కొండలెక్కి పోతుంది. ఘాటీ ఎక్కబోయే ముందు మంచి డ్రైవరు లారీ చుట్టూ తిరిగి టైర్లు, బ్రేకులు, కట్టిన తాళ్ళు చూసుకుంటాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నా సరే! ఎందుకంటే, బాగా తెలిసిన పనిలోనే మరుపు వస్తుంది.

2019 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒకామె కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చింది. మూడు నెలల కిందట ఆమెకు ఆపరేషను జరిగింది. ఎక్స్‌రే తీస్తే ఏం కనిపించిందనుకున్నారు? అప్పుడు వాడిన పటకారు కడుపులోనే ఉండిపోయింది! మళ్ళీ ఆపరేషను చేసి తీశారు. చేసినవాళ్ళు పెద్ద చదువులు చదివిన డాక్టర్లే.

మరుపుకు మందు విమానాలవాళ్ళు ముందుగా కనిపెట్టారు. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగు కంపెనీ కొత్త విమానం ఒకటి పైకి లేస్తూనే కూలింది. ఇద్దరు చనిపోయారు. గాలికి తోక ఊగకుండా వేసిన గొళ్ళెం తీయడం మరిచారు, అంతే! అప్పటినుంచి పైలట్లు చీటీ చూసి ఒక్కొక్కటే సరిచూసుకోసాగారు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకూ అటువంటి చీటీ తయారుచేసింది. దానికి ముందు నిలిచినవాడు డాక్టర్ అతుల్ గవాండే. ఒకే కాగితం, 19 అంశాలు. మూడుసార్లు ఆగి చూడాలి.

మత్తు ఇచ్చేముందు: రోగి పేరేమిటి? ఆపరేషను ఏ వైపు? ఏ మందైనా పడదా?

కత్తి పెట్టేముందు: గదిలో ఉన్నవారందరూ తమ పేరు, పని చెప్పాలి. ఇదెందుకంటారా? ఒకసారి నోరు విప్పినవారికి, తరువాత తప్పు కనిపిస్తే చెప్పడానికి జంకు ఉండదు.

రోగిని బయటికి తెచ్చేముందు: పనిముట్లు, సూదులు, గుడ్డలు లెక్కపెట్టి, సరిపోయిందని నర్సు పైకి చెప్పాలి.

న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీన్ని పరీక్షించారు. ఫలితం 2009లో వెల్లడించారు. చీటీకి ముందు వెయ్యిమంది రోగులలో 15 మంది చనిపోతే, తరువాత 8 మందే చనిపోయారు! కాని 2014లో ప్రచురించిన కెనడా పరిశీలనలో ఇంత లాభం కనబడలేదు. చూడకుండా టిక్కు పెడితే కాగితం ఏం చేస్తుంది?

ఎప్పుడైనా మీ ఇంట్లోవారికి ఆపరేషను జరిగితే, నర్సు వచ్చి, "పేరేమిటి? ఏ కాలు?" అని మళ్ళీ మళ్ళీ అడగవచ్చు. విసుక్కోకండి. ఓపికగా జవాబు చెప్పండి. ఆ ప్రశ్నే ఒక ప్రాణం కాపాడవచ్చు.