బాక్టీరియాల ఎంజైములు – వ్యాధి తీవ్రత

మనము తిన్న ఆహారము కడుపులోను, ప్రేవులలోను ఎంజైముల వలన జీర్ణమగును. బాక్టీరియాలకు నోరు గాని, కడుపు గాని లేవు. కావున అవి ఎంజైములను వెలుపలికి స్రవించి, చుట్టునున్న పదార్థమును అక్కడనే కరిగించి పీల్చుకొనును. ఆ పదార్థము మన కండరమే అయినచో ఏమగును? గాస్ గాంగ్రీన్ అను వ్యాధి ఇందుకు సమాధానము చెప్పుచున్నది.

ఈ వ్యాధిని ముఖ్యముగా కలిగించునది క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. ఇది మట్టిలోను, పశువుల, మానవుల ప్రేవులలోను ఉండును. దీనికి ఆక్సిజన్ గిట్టదు. మొదటి ప్రపంచయుద్ధమున (1914–18) ఫ్రాన్సులోని ఎరువు వేసిన పొలముల మట్టి గాయములలో చేరి, ఎందరో సైనికులు ఈ వ్యాధికి గురియైరి. నలిగిన కండరమునకు రక్తము సరిగా అందదు, ఆక్సిజన్ చాలదు. అచ్చట సిద్ధబీజములు మొలకెత్తి బాక్టీరియాలు వృద్ధి చెందును. అవి చక్కెరలను పులియబెట్టగా పుట్టిన వాయువులు కండరములో బుడగలుగా చేరును.

అయితే ప్రాణము తీయునది ఆ వాయువు కాదు. ఈ బాక్టీరియా స్రవించు ఆల్ఫా విషము లెసితినేజ్ అను ఎంజైమే అని 1941లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్, నైట్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఒక బాక్టీరియా విషము ఎంజైమని తెలియుట అదే మొదటిసారి.

మన కణముల పైపొరలో లెసితిన్ అను కొవ్వుపదార్థము కలదు. ఈ ఎంజైము దానిని రెండుగా చీల్చగా పొర చెడి కణము పగులును. అంతేకాక, రక్తఫలకికలు గుమిగూడి సన్నని రక్తనాళములను మూయును. రక్తము రానందున ఆక్సిజన్ మరింత తగ్గును. అది తగ్గినకొలది బాక్టీరియాలు పెరుగును. ఎంజైము బాక్టీరియాకు ఆహారమునే గాక, అనుకూలమైన నివాసమును కూడ ఏర్పరచుచున్నదన్నమాట.

కోడిగ్రుడ్డు పచ్చసొనలో లెసితిన్ సమృద్ధిగా ఉన్నది. పచ్చసొన కలిపిన పోషకపు పళ్లెములో ఈ బాక్టీరియాను పెంచినచో దాని చుట్టును తెల్లని మసక ఏర్పడును. పళ్లెములో సగభాగమున ముందుగా ప్రతివిషమును పూసినచో, అచ్చట బాక్టీరియా పెరిగినను మసక రాదు. అనగా బాక్టీరియా బ్రతికియే ఉన్నది. దాని ఆయుధము మాత్రము పనిచేయలేదు.

శరీరములోను ఇట్లే జరుగునా? ఈ ఎంజైము జన్యువును చెడగొట్టిన బాక్టీరియాలు ఎలుకలలో వ్యాధిని కలిగించు శక్తిని దాదాపు పూర్తిగా కోల్పోయినవనియు, జన్యువును తిరిగి చేర్చగా ఆ శక్తి మరల వచ్చినదనియు 1995లో ప్రకటితమైన ప్రయోగములు తెలిపినవి.

రక్తము చేరని చోటికి పెనిసిలిన్ కూడ చేరజాలదు. అందువలననే వైద్యులు మందు ఇచ్చుటతో ఊరకొనక, చనిపోయిన కండరమును వెంటనే కోసి తీసివేయుదురు. మట్టి సోకిన లోతైన గాయమును కడిగి, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెననుటకు కారణము కూడ ఇదియే.