దోమను తట్టుకునే పైరు

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళే మన హాస్టల్ పిల్లలకు ఈ దృశ్యం కొత్త కాదు. పచ్చని వరిచేను మధ్యలో నిప్పు పెట్టినట్టు గుండ్రంగా ఎండిపోయి ఉంటుంది. దీన్నే మన పెద్దలు దోమపోటు అంటారు. మేము ఎనిమిదో తరగతిలో ఉండగా మా కౌలు చేనుకు ఇదే వచ్చింది. మూడుసార్లు మందు కొట్టాం. చివరిసారి కొట్టిన రాత్రి నాన్నకు ఒకటే వాంతులు. అయినా పంట సగం కూడా చేతికి రాలేదు. మందుల బాకీ తీరడానికి రెండేళ్ళు పట్టింది. గట్టు అవతలి చేను మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. మన చేనుకు దిష్టి తగిలిందని నానమ్మ అంది. అసలు కారణం డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాక గానీ మాకు తెలియలేదు. మాది సాంబమసూరి, వాళ్ళది విజేత.

సుడిదోమ వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులుగా చేరుతుంది. సూదిలాంటి నోటిని మొక్కలోకి దించి, ఆహారం ప్రవహించే నాళాల నుంచి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే కనబడదు. పైపైన కొట్టిన మందు దానికి సరిగా అందదు.

అయితే అన్ని మొక్కలూ పురుగుకు ఒకేలా లొంగవు. 1951లో పెయింటర్ అనే అమెరికా శాస్త్రవేత్త మొక్కల నిరోధక శక్తిని మూడు విధాలుగా వివరించాడు. మొదటిది, ఆ మొక్క పురుగుకు నచ్చకపోవడం. వాలినా నిలవదు, గుడ్లు తక్కువ పెడుతుంది. రెండవది, తిన్నది ఒంటబట్టకపోవడం. పిల్లపురుగులు సరిగా ఎదగవు, చాలా వరకు చనిపోతాయి. మూడవది ఓర్పు. పురుగు పీల్చినా మొక్క తట్టుకుని గింజ ఇస్తుంది.

కొన్ని నిరోధక రకాల్లో దోమ సూది దించగానే మొక్క ఆ నాళంలోని రంధ్రాలను కాలోజ్ అనే పదార్థంతో మూసేస్తుంది. ఇక దోమ పస్తుండాల్సిందే. ఇలాంటి శక్తినిచ్చే బీపీహెచ్ 14 అనే జన్యువును 2009లో చైనాలోని వూహాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు.

మరి అందరం ఒకే నిరోధక రకం వేస్తే సరిపోదా? సరిపోదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐఆర్ 26 అనే రకాన్ని ఇచ్చింది. దాని బలమంతా ఒకే జన్యువు మీద ఆధారపడింది. రైతులు విస్తారంగా వేశారు. రెండు మూడేళ్ళలోనే దాన్ని కూడా పీల్చగల దోమలు పెరిగిపోయాయి. పైగా ఆ జన్యువు మన దేశపు దోమను ఆపలేదు. కేరళలోని పట్టాంబికి చెందిన పీటీబీ 33 మన దోమకు గట్టిగా నిలుస్తుంది. అందుకే కొత్త రకాల తయారీలో దాన్ని వాడుకుంటారు.

పత్తిలో కథ వేరు. ఆకు మీద నూగు దట్టంగా ఉంటే పచ్చదోమ గుడ్లు పెట్టలేదు. కానీ అదే నూగు తెల్లదోమకు ఇష్టం. బీటీ పత్తి వేశాం కదా, ఇక ఏ పురుగూ రాదని మా ఊళ్ళో చాలామంది అనుకునేవారు. బీటీ అనేది కాయతొలిచే పురుగుల కోసం చేసినది. రసం పీల్చే పురుగులపై అది పనిచేయదు.

సాంబమసూరి వేయడం నాన్న తప్పు కాదు. ఆ బియ్యానికి మంచి ధర ఉంది, కౌలు కట్టాలి. కానీ ఏ రకం దేనికి లొంగుతుందో ముందే తెలిస్తే జాగ్రత్త ముందే మొదలవుతుంది. మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు దోమను కొంతవరకు తట్టుకుంటాయి. ఏ రకం వేసినా నాట్లలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి. యూరియా అతిగా వేయకూడదు. అప్పుడప్పుడు నీరు తీసి చేను ఆరబెట్టాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళలో విత్తన సంచి మీద రాసింది చదవగలిగేది చాలాసార్లు మనమే. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఆ సంచి చదివి, అది దోమను తట్టుకుంటుందో లేదో వ్యవసాయ అధికారిని అడిగి నాన్నకు చెప్పండి. చేలోకి దిగి దుబ్బు మొదట్లో తట్టి చూడండి. మాకు అప్పట్లో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. మీకు మేమున్నాం.