ఎర్రమంజిల్ నేర్పిన పాఠము

హైదరాబాదు నగరమున ఖైరతాబాదు సమీపమున గుట్టపై ఇరం మంజిల్ అను సౌధము కలదు. నవాబు ఫఖ్రుల్ ముల్క్ దానిని కట్టించెను. ‘స్వర్గసౌధ’మని దాని పేరునకు అర్థము, జనుల నోట అది ఎర్రమంజిల్ అయినది.

2019 జూన్ 18న తెలంగాణ మంత్రివర్గము ఆ సౌధమును తొలగించి, అచ్చట నూతన శాసనసభా భవనమును నిర్మింప నిశ్చయించెను. జూన్ 27న శంకుస్థాపన జరిగెను. పౌరులు న్యాయస్థానమును ఆశ్రయించిరి. వారసత్వ కట్టడములకు చట్టము కల్పించిన రక్షణను గణింపక చేసిన నిర్ణయము చెల్లదని సెప్టెంబరు 16న హైకోర్టు తీర్పు చెప్పెను.

పరిశీలన శంకుస్థాపనకు ముందే జరుగవలెను. కూలిన గోడను ఏ తీర్పును మరల నిలుపజాలదు. చట్టములు చేయు సభకు మందిరము కట్టువారును ఆ చట్టములకు బద్ధులే.