జ్వరం మూడు రోజులు... అలసట మూడేళ్ళు!

సినిమాల్లో జబ్బు ఎంత ముచ్చటగా ఉంటుందండీ! ‘దేవదాసు’లో అక్కినేని దగ్గితే హాలంతా కన్నీళ్ళు. ‘ప్రేమాభిషేకం’లో హీరోకి కేన్సరు. ‘గీతాంజలి’లో అయితే హీరోకీ, హీరోయిన్‌కీ ఇద్దరికీ ప్రాణాంతకమైన జబ్బులే. అయినా ఆ ఊటీ మంచులో ఎంత హుషారుగా పరిగెత్తారు! వెండితెర మీద జబ్బుకి రెండే ముగింపులు. అయితే హీరో పోవాలి, లేదా గుళ్ళో గంటలు గణగణా మోగగానే కట్లు తెంచుకుని లేచి నిలబడాలి.

నాకొచ్చిన జబ్బుకి ఆ రెండు ముగింపులూ లేవు. పోనూలేదు, లేచి నిలబడనూలేదు. మధ్యలో ఎక్కడో ఇంటర్వెల్ కార్డు పడి, లైట్లు వేసేసి, మళ్ళీ ఆట మొదలెట్టడం మర్చిపోయినట్టు అయింది.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ? మీరు నన్ను చాలాసార్లు చూసే ఉంటారు. గుర్తుపట్టలేరంతే! పాటలో హీరో వెనకాల మూడో వరసలో, ఎడమ నుంచి నాలుగో అమ్మాయిని. గ్రూప్ డాన్సర్ని. మాది తెనాలి. హైదరాబాద్ కృష్ణానగర్లో మూడో అంతస్తులో ఒక గదీ, వంటిల్లూ. అందులో నేనూ, మా అమ్మా. కాల్షీటు ఉంటే అద్దె కడతాం. లేకపోతే ఓనరుగారికి కనపడకుండా మెట్లెక్కుతాం. ఒళ్ళే నా పెట్టుబడి అన్నమాట!

‘అదృష్టవంతురాలివమ్మా!’

2021 ఏప్రిల్. కోవిడ్ రెండో అల ఎలా ఉండేదో మీకు వేరే చెప్పాలా? ఆక్సిజన్ సిలిండరు కోసం జనం ఊరంతా తిరుగుతున్న రోజులు. ఓ ఆదివారం పొద్దున నాకు ఒళ్ళు వెచ్చబడింది. గొంతు మంట, ఒళ్ళు నొప్పులు. పరీక్ష చేస్తే పాజిటివ్! నేను గదిలో, అమ్మ వంటింట్లో, మధ్య తలుపు మూత. మూడు రోజుల్లో జ్వరం పోయింది. వేలికి పెట్టుకునే మిషన్లో ఆక్సిజన్ ఏ పూటా 97కి తగ్గలేదు. నాలుగో రోజు అమ్మ పోపు వేస్తే చప్పుడు వినిపించింది గానీ వాసన రాలేదు. అంతే!

‘మైల్డ్ కేసు. అదృష్టవంతురాలివమ్మా’ అన్నారు డాక్టరుగారు ఫోన్లో. నిజమే. మా వీధిలోనే ఇద్దరు పోయారు. ఆక్సిజన్ అక్కర్లేకుండా గట్టెక్కిన కేసుని ‘మైల్డ్’ అంటారట. ఆ మాట మొదటి రెండు వారాల గురించే గానీ, ఆ తర్వాత సంగతి గురించి కాదని నాకప్పుడు తెలీదు.

మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టారు. జూన్ 20న ఎత్తేశారు. ఆ నెలన్నరా మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, ఇంట్లో కూర్చుని ఒళ్ళు బద్ధకించిందిలే అనుకున్నాను.

ఏడో టేకు

షూటింగులు మొదలైన వారానికే మాస్టారి దగ్గర్నుంచి ఫోను. ఎగిరి గంతేశాను. రిహార్సల్ హాల్లో మూడు గంటలు చించేశాననుకోండి! ‘కోవిడ్ వచ్చిన మనిషిలా లేవే అక్కా!’ అంది నా పక్క అమ్మాయి. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. మర్నాడు కూడా పర్వాలేదు. మర్నాటి సాయంత్రం నుంచి మొదలైందండీ అసలు కథ! కాళ్ళు సీసం పోసినట్టు బరువు. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. గుండె దడదడ. అమ్మ ఒక మాట అడిగితే, సమాధానం చెప్పేలోపే ఏమడిగిందో మర్చిపోయేదాన్ని. నాలుగు రోజులు మంచం మీదే.

తేరుకున్నాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ పడ్డాను. ఇలా రెండుసార్లు.

మూడోసారి మాస్టారు నన్ను ముందు వరసలోకి రమ్మన్నారు! ఆరేళ్ళుగా నేను కలలుగన్న చోటది. ‘ఒంట్లో బాగాలేదు మాస్టారూ’ అని ఎవరు చెబుతారు చెప్పండి? పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని మన హీరోలందరూ చెప్పారు కదా! పళ్ళ బిగువున ఆరు టేకులు లాగాను. ఏడో టేకులో కళ్ళు తిరిగి ఫ్లోరు మీద పడిపోయాను. షూటింగు గంటసేపు ఆగింది. మాస్టారు తిట్టలేదు. ‘బాగోకపోతే చెప్పాలిగా అమ్మా’ అన్నారు నెమ్మదిగా. ఆ తర్వాత ఎనిమిది నెలలు నాకు ఫోను రాలేదు.

రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ, అన్నీ నార్మల్! ‘ఏం లేదమ్మా, టెన్షను’ అన్నాడొకాయన. ‘పెళ్ళి చేసెయ్యండి, అదే పోతుంది’ అంది పక్కింటావిడ. ‘డ్రామా!’ అన్నారు వెనకాల కొందరు. అమ్మ మాత్రం ఏమీ అనకుండా చేతి గాజులు తీసి తాకట్టు పెట్టింది. ఆ గాజుల్లేని చేతుల్తో నాకు అన్నం కలిపి పెడుతుంటే, ‘అందరూ అన్నట్టు ఇది నిజంగా డ్రామాయేమో’ అని నామీద నాకే అనుమానం వచ్చింది. జబ్బు కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రోజుకూలీ లెక్క

ఆఖరికి ఎవరో చెబితే ఓ పెద్ద డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నన్ను బల్లమీద పడుకోబెట్టి నాడి లెక్కపెట్టారు. 78. లేపి నిలబెట్టి, పది నిమిషాలు కదలొద్దన్నారు. 120 దాటింది! ‘ఊరికే నిలబడితేనే నీ గుండె పరిగెడుతోంది. ఇంక డాన్సేం చేస్తావు?’ అని నవ్వారు. నిలబడ్డ పది నిమిషాల్లో నాడి ముప్పై, అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే ఉండిపోతే అది చూడవలసిన విషయమేనట. టెన్షను అని కొట్టిపారేసేది కాదట.

ఈ జబ్బుకి ‘లాంగ్ కోవిడ్’ అని పేరు పెట్టింది డాక్టర్లు కాదట. 2020లో రోగులే పెట్టుకున్నారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దానికి నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ వచ్చిన మూడు నెలలకి కూడా అలసటో, ఆయాసమో, మతిమరుపో ఉండి, అది కనీసం రెండు నెలలు సాగి, దానికి వేరే కారణమేదీ కనపడకపోతే ఇదే. మైల్డుగా వచ్చి పోయినవాళ్ళకీ రావచ్చు. వైరస్ తునకలు ఒంట్లో మిగిలిపోవడమా, రోగనిరోధక శక్తి దారితప్పడమా, గుండె వేగాన్ని నడిపే నరాల గొడవా అని శాస్త్రజ్ఞులు ఇంకా తేలుస్తూనే ఉన్నారు. వేసుకోగానే లేచి కూర్చునే మాత్ర మాత్రం లేదు.

‘నీకు రోజుకూలీ ఎలా ఉంటుందో తెలుసుగా?’ అన్నారావిడ. ‘నీ ఒంటికి ఇప్పుడు రోజుకి పది రూపాయలే వస్తోంది. నువ్వు పాత అలవాటు కొద్దీ వంద ఖర్చుపెడుతున్నావు. అప్పులవాడు అప్పుడే రాడు. ఒకటి రెండు రోజులాగి వడ్డీతో వస్తాడు. అందుకే నీకు మర్నాడు సాయంత్రం పడకేస్తోంది.’

చెప్పొద్దూ, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నా అలసటకి ఓ లెక్క ఉందని మొదటిసారి తెలిసింది మరి!

‘మరి రోజూ కాస్త కాస్త ఎక్కువ ఎక్సర్‌సైజు చేస్తే?’ అన్నాను. శ్రమపడ్డాక ఇలా పడకేసేవాళ్ళకి పట్టుదలతో పెంచుకుంటూ పోవడం మేలు కన్నా కీడే చేస్తుందట. అలిసిపోయాక ఆగడం కాదు, అలసట రాకముందే ఆగాలి. నా వృత్తిలో ఎవరూ నేర్పని స్టెప్పది!

నాలుగు సీసాలు, ఒక స్టూలు

అమ్మ ఓ నోటుబుక్కు కొంది. ఏ పని చేశానో, రెండ్రోజులకి ఎలా ఉందో అందులో రాసేది. స్నానం స్టూలు మీద కూర్చుని. కూరలు తరగడం కూర్చుని. మూడంతస్తులు ఒకేసారి ఎక్కకుండా, ప్రతి అంతస్తులో ఆగి, ఊపిరి తీసుకుని. ఓనరుగారికి దొరికిపోయేదాన్ననుకోండి! నిలబడితే వచ్చే దడకి నీళ్ళూ, ఉప్పూ పెంచమన్నారు డాక్టరమ్మగారు. అది నా నాడీ, బీపీ చూసి నాకు చెప్పిన మాట. బీపీ ఉన్నవాళ్ళు సొంతంగా చెయ్యకండి సుమా!

వాసన సంగతి ఇంకో చిత్రం. కొన్నాళ్ళకి వాసన వచ్చింది గానీ తప్పుగా వచ్చింది. కాఫీ పెడితే టైరు కాలిన కంపు! దానికో సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. నాలుగు చిన్న సీసాల్లో పెట్టుకుని పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ కాసేపు మెల్లగా పీల్చడం. పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవడం. జర్మనీలో 2009లోనే ఈ నాలుగు వాసనల్తో పరీక్షించి చూశారట. కనీసం మూడు నెలలు చెయ్యాలి. నేను పది నెలలు చేశాను. ఓ శుక్రవారం సాయంత్రం అమ్మ సాంబ్రాణి వేస్తే సాంబ్రాణి వాసనే వచ్చింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అమ్మ ఇంకాస్త వేసింది.

‘నాటు నాటు’ ఖర్చు

2022 మార్చి 25. ‘ఆర్.ఆర్.ఆర్.’ విడుదల! చూడకుండా ఉంటానా? మూడు గంటల చిత్రం, ఆ వెలుతురు, ఆ చప్పుడు, ఆ జనం... నాకది పెద్ద ఖర్చే. అందుకని ముందురోజు పూర్తిగా పడుకున్నాను. తర్వాతి రెండ్రోజులకి ఏ పనీ పెట్టుకోలేదు. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాను. ప్రేమ్ రక్షిత్ మాస్టారు కీవ్‌లోని ఆ భవనం ముందు ఆడించిన ‘నాటు నాటు’కి హాలు హాలంతా లేచి ఎగురుతోంది. నేనొక్కదాన్నే కూర్చుని, కాలి బొటనవేలితో తాళం వేశాను. ఏడ్చానా అంటే ఏడ్చాను. కానీ మర్నాడు అప్పులవాడు పెద్దగా గొడవ చెయ్యలేదు. కాస్త అలసట, ఒక్క పూట పడక. అంతే!

ఆ ధైర్యంతోనే మాస్టారి దగ్గరికెళ్ళాను. ఈసారి ఏదీ దాచలేదు. ‘పూర్తి కాల్షీటు చెయ్యలేను మాస్టారూ. కూర్చుని చేసే పనేదైనా ఉంటే ఇప్పించండి’ అన్నాను. ఆయన చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, ‘మా ఆవిడకీ ఇలాగే ఉందమ్మా. నేను బద్ధకమనుకున్నాను’ అన్నారు. ఆ డాక్టరమ్మగారి నంబరు రాసుకున్నారు. మర్నాటి నుంచి రిహార్సల్ హాల్లో నాకో కుర్చీ. కొత్త పిల్లలకి కౌంట్లు చెప్పడం, చేతుల కదలికలు దిద్దడం. వారానికి రెండు పూటలు. నెమ్మదిగా మూడు.

2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజు పిల్లలంతా హాల్లో ఆ పాట పెట్టారు. నేను లేచి నాలుగు ఎనిమిదులు వేశాను. ‘ఇంకో బిట్టు అక్కా!’ అని అరిచారు. ఇంకా వెయ్యగలననిపించింది. కూర్చున్నాను.

ఇప్పుడు మూడంతస్తులూ ఆగకుండా ఎక్కుతున్నాను. మతిమరుపు పోయింది. సగం కాల్షీటు చెయ్యగలను. పూర్తి కాల్షీటు, ముందు వరస ఇంకా నా వల్ల కాదు. అమ్మ గాజులు మాత్రం విడిపించాం!

చాలామంది నాకన్నా త్వరగానే తేరుకుంటారు. కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. మీకో, మీవాళ్ళకో ఇలాంటి అలసట ఉంటే మీరే పేరు పెట్టేసుకోకండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, టీబీ ఉన్నా ఇలాగే ఉండొచ్చు. పరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పో, పట్టలేని ఆయాసమో వస్తే అసలు ఆలస్యం చెయ్యకండి. అన్నీ నార్మలని తేలినా మంచం మీదున్న మనిషిని ‘డ్రామా’ అని మాత్రం అనకండేం!

ఈసారి పాట వస్తున్నప్పుడు మూడో వరస కేసి ఓసారి చూడండి. నేనుండకపోవచ్చు. కానీ ఆ పిల్లల కౌంటు తప్పలేదంటే, నేను కుర్చీలో ఉన్నానన్నమాటే!

మరి సెలవు.