పాచికలు చాలవా... పుస్తకాలూ కొనాలా!

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వెళ్లే పిల్లల చేతిలో పాఠ్యపుస్తకంతోపాటు గైడూ ఉంటుంది. మరి ఆడుకోవడానికీ గైడ్లు కావాలా? 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడేవారికి ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్నే ఇది.

బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరతారు. ఒకరు కథ చెబుతుంటే మిగతావారు వీరులూ మాంత్రికులూ అయిపోయి, పాచికలు వేస్తూ దాన్ని ముందుకు నడిపిస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ఈ ఆటను తెచ్చినప్పుడు ఉన్నవి మూడు చిన్న పుస్తకాలే. మరుసటి ఏడాదే 'గ్రేహాక్' అనే అనుబంధం వచ్చింది. దొంగ పాత్ర అందులోదే. ఆ తర్వాత అనుబంధాలు వస్తూనే ఉన్నాయి.

కొత్త పుస్తకం కొత్త పాత్రల్నిస్తుంది, నిజమే. దాంతోపాటే కొత్త నియమాలూ వస్తాయి. కథ చెప్పేవారు అవన్నీ గుర్తుపెట్టుకోవాలి. కొనలేని పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు.

మన అష్టాచమ్మాకి ఏ పుస్తకం ఉందని? కాయను ఎప్పుడు చంపొచ్చో ఇంటికో తీరు. ఆటకు ముందు అందరూ ఒప్పుకున్నదే రూలు!

నాదర్‌గుల్‌లో పిల్లలెవరైనా ఈ ఆట మొదలుపెట్టాలంటే పుస్తకాల ఖర్చు అక్కర్లేదు. మూల నియమాలు 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ముందు కొన్ని వారాలు వాటితోనే ఆడాలి. ఏదైనా తక్కువైందనిపిస్తే సొంత రూలు పెట్టుకోవచ్చు. అదీ చాలకపోతే అప్పుడు అందరూ కలిసి ఒక్క పుస్తకం కొనుక్కుంటే సరి.