దారిబత్తెం తగ్గిన విమానం

వెనకటి రోజుల్లో కాలినడకన యాత్రకు బయలుదేరేవారు దారిబత్తెం మూట కట్టుకునేవారు. దారి పెరిగేకొద్దీ మూట బరువెక్కుతుంది. బరువు మోసేవాడికి ఆకలీ ఎక్కువే, ఆ ఆకలికి మళ్ళీ ఇంకాస్త బత్తెం కావాలి. దూరాలు పోయే విమానాలదీ ఇదే బాధ. అతి దూర ప్రయాణాల కోసం తయారైన ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ గరిష్ఠంగా 280 టన్నుల బరువుతో నేల విడుస్తుంది. దాని ట్యాంకుల్లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. లీటరు 0.8 కిలో చొప్పున లెక్కవేస్తే 132 టన్నులు, అంటే మొత్తం బరువులో దాదాపు సగం. మొదటి గంటల్లో మండే ఇంధనంలో చెప్పుకోదగ్గ భాగం, చివరి గంటల్లో మండబోయే ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు ఎక్కడా ఆగకుండా విమానం నడిపింది. దూరం 15,000 కిలోమీటర్ల పైచిలుకు. వాడింది నాలుగు ఇంజిన్ల ఏ340-500. దాని ట్యాంకుల్లో 2 లక్షల లీటర్లకు పైగా పట్టేది. 2008లో అందులో 100 బిజినెస్ సీట్లు మాత్రమే ఉంచి చూశారు. అయినా గిట్టుబాటు కాక 2013 నవంబరులో ఆ సర్వీసు ఆపేశారు. 2018 అక్టోబరులో అదే దారిలో ఏ350 యూఎల్ఆర్ ఎగిరింది. ఇంజిన్లు రెండే, సీట్లు 161. ట్యాంకు ఐదో వంతుకు పైగా తగ్గింది, 100 సీట్ల రోజులకన్నా 61 మందికి అదనంగా చోటు దొరికింది.

మారింది వేగం కాదు. జెట్ విమానం అరవై ఏళ్ళ కిందట ఎంత వేగంతో పోయేదో ఇప్పుడూ ఇంచుమించు అంతే. అసలు మార్పు ఇంజిన్ ముందున్న ఫ్యాన్‌లో ఉంది. విమానాన్ని ముందుకు తోయాలంటే గాలిని వెనక్కి నెట్టాలి. రెట్టింపు గాలిని సగం వేగంతో నెట్టినా తోపు అంతే వస్తుంది, ఖర్చయ్యే శక్తి మాత్రం సగమే, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఫ్యాన్ పెద్దదయ్యింది. ఏ340-500 ఇంజిన్ ఫ్యాన్ వెడల్పు రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ, ఏ350 ఇంజిన్‌ది 3 మీటర్లు. ఇందులో మంటగదికి వెళ్ళే ప్రతి కిలో గాలికి, మంట తగలకుండా పక్కనుంచి పోయే గాలి 9.6 కిలోలు. పాతదాంట్లో అది ఏడున్నర కిలోలే.

ఇక విమానం ఒంటి బరువు సంగతి. ఏ350 కట్టడంలో సగానికి పైగా కార్బన్ ఫైబర్ మిశ్రమమే. ఇది బరువు తగ్గించడమే కాదు, ప్రయాణికుడి ఒంటికీ మేలు చేసింది. అల్యూమినియం విమానం ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి కొద్దిగా ఉబ్బి, దిగాక తగ్గుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే లోహం అలిసి పగుళ్ళు పడతాయి. అందుకని లోపలి ఒత్తిడిని తగ్గించి, 8,000 అడుగుల ఎత్తున ఉండేంత పలచటి గాలితో సరిపెట్టేవారు. అది ఊటీ కన్నా ఎత్తు. కార్బన్ ఫైబర్ ఆ అలసటను బాగా తట్టుకుంటుంది కాబట్టి ఇప్పుడు 6,000 అడుగుల దగ్గరే ఉంచగలుగుతున్నారు, అంటే కూనూరు ఎత్తు. దానికి తుప్పు భయం లేదు కనక గాలిలో తేమను కాస్త ఎక్కువగానే ఉండనివ్వొచ్చు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చే పెద్దవాళ్ళు గొంతు ఎండిపోయిందని, తల దిమ్ముగా ఉందని చెబుతుంటారు. వాళ్ళకు ఇది చిన్న ఊరట కాదు.

రెండు ఇంజిన్లతో అంత దూరమా అన్న భయం సహజం. అందుకే ఒకప్పుడు రెండు ఇంజిన్ల విమానం ఎప్పుడూ దగ్గరి విమానాశ్రయానికి 60 నిమిషాల దూరంలోపే ఉండాలనేవారు. ఇంజిన్ల నమ్మకం పెరిగేకొద్దీ ఆ గడువునూ పెంచారు. 1985లో 120 నిమిషాలైంది. ఏ350కి 2014లో 370 నిమిషాల వరకు అనుమతి వచ్చింది. ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో ఆరు గంటలకు పైగా ఎగరగలదని నిరూపించాకే ఆ అనుమతి ఇచ్చారు. సముద్రాలు దాటడానికి నాలుగు ఇంజిన్లు కావాలన్న కారణం అలా క్రమంగా పోయింది. ఏ340 తయారీ ఆపేస్తున్నట్టు ఎయిర్‌బస్ 2011లోనే ప్రకటించింది.